అరచేతికి ఎండ తగలదు

బెర్నీ క్విల్లిగన్‌ది పుట్టుకతోనే మహా చెడ్డ తెలుపు. తెల్లతోలు అదృష్టమని ఎక్కడైనా ఎవరైనా అనుకుంటే అనుకోనీండి, లివర్‌పూల్ రేవు వెనక వీధుల్లో మాత్రం అది పిల్లల ప్రాణం తీస్తుంది. బెర్నీ ఒంటి మీద దెబ్బ పడితే దాచడం ఎవరి తరమూ అయ్యేది కాదు. చెంప మీద కొడితే ఐదు వేళ్ళూ లెక్కపెట్టుకోవచ్చు. గురువారం తగిలింది శుక్రవారానికి నీలంగా మారి, ఆదివారం చర్చికి వెళ్ళేసరికి అంచుల్లో పసుపుపచ్చగా తేలేది.

తండ్రి జో రేవులో మూటలు మోసిన మనిషి. ఆ పని పోయాక చేతులకు తోచక ఇంట్లో వాళ్ళ మీద పడ్డాడు. పెద్దకూతురు మోయిరా తల్లి పోలిక, కాస్త గోధుమరంగు. దానికి తగిలిన దెబ్బ ఒక పూటలో మాయమయ్యేది. రెండోది బెర్నీకి తగిలింది ఊరంతా చదువుకునేది.

"దీన్ని కొట్టడం కంటే పేపర్లో వేయించుకోవడం నయం," అని జో తాగినప్పుడు నవ్వేవాడు. నవ్వాడని కొట్టడం మానలేదు.

బళ్ళో ఆడపిల్లలు బెర్నీకి పాలసీసా అని పేరు పెట్టారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆటల గంటకి బట్టలు మార్చుకునే గదిలో వాళ్ళకొక సరదా ఉండేది. ఇద్దరు బెర్నీ చేతులు పట్టుకునేవాళ్ళు, గేనర్ ప్లాట్ అనే పిల్ల తొడ మీద ఫెడీమని కొట్టేది. తెల్లటి తొడ మీద ఎర్రగా చెయ్యి తేలుతుంటే అందరూ వంగి చూసేవాళ్ళు.

"చూడండే, నా ఉంగరం కూడా పడింది."

"ఈసారి ఎడం చేత్తో కొట్టు."

ఒక బుధవారం బెర్నీ చెయ్యి విడిపించుకుంది. గేనర్ జుట్టు పట్టుకుని మొహాన్ని చేతులు కడుక్కునే తొట్టి అంచుకేసి రెండుసార్లు కొట్టింది. ముందుపళ్ళు రెండు తొట్టిలో పడ్డాయి. విచారించడానికి పిలిచిన సన్యాసిని టీచరు బెర్నీ మెడ మీదున్న పాత మచ్చలు చూసి, అవెక్కడివని అడిగింది. మెట్ల మీద పడ్డానంది బెర్నీ. ఆ ఇంట్లో అందరూ మెట్ల మీదే పడేవాళ్ళు. టీచరు నమ్మినట్టు నటించి, పళ్ళు రాలగొట్టినందుకు మాత్రం ఇంటికి కబురు పంపింది. ఆ సాయంత్రం జో బెల్టు తీశాడు.

బెర్నీకి పద్నాలుగేళ్ళప్పుడు పక్కింటి మిసెస్ టూహీ, కూతురి పెళ్ళి కోసమని సన్‌బెడ్ ఒకటి అద్దెకు తెప్పించింది. ఆ రోజుల్లో దాన్ని వ్యానులో తెచ్చి ఇంట్లో దించి, వారం తర్వాత పట్టుకెళ్ళేవాళ్ళు. ఊదారంగు వెలుతురు గొట్టాలున్న పెద్ద పెట్టె. అందులో ఒంటికి నూనె పట్టించుకుని పడుకుంటే స్పెయిన్ వెళ్ళొచ్చిన వాళ్ళలా గోధుమరంగు తేరతారు. వీధిలో ఆడపిల్లలందరూ మిసెస్ టూహీ ముందుగదిలో వరసకట్టారు. ఒకతెకి కాళ్ళు సన్నగా కనపడాలి, ఒకతెకి మొటిమల మచ్చలు కనపడకూడదు, ఒకతెకి ఓడ మీద పనిచేసే కుర్రాడు తిరిగి చూడాలి. బెర్నీకి వీటిలో ఏదీ అక్కర్లేదు. అరగంటకి బదులు గంటసేపు పడుకుంది, వీపు బొబ్బలెక్కింది, మర్నాడు మళ్ళీ వెళ్ళి పడుకుంది. మిసెస్ టూహీ పెట్టెను ఇంకో రెండు వారాలు అట్టేపెట్టింది, బెర్నీ ఒక్కరోజూ తప్పలేదు.

నెల తిరక్కుండా జో ఏదో సాకు మీద ఆమె చెంప పగలగొట్టాడు. బెర్నీ అద్దం దగ్గరికి పరిగెత్తింది. చెంప మండుతోంది, చెవిలో హోరుమంటోంది, అద్దంలో మాత్రం ఏమీ లేదు. నున్నటి గోధుమరంగు మొహం. ఏడవాల్సిన పిల్ల నవ్వింది. మచ్చ కనబడకపోతే దెబ్బ తగలనట్టేనని ఆ పిచ్చిది నమ్మింది. జో కూడా అదే గమనించాడు. మచ్చలు తేలడం లేదని తెలిశాక వాడి చెయ్యి ఇంకా బరువెక్కింది. ఈ సంగతి బెర్నీకి అర్థం కావడానికి ముప్పై నాలుగేళ్ళు పట్టింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

జో చివరికి నిజంగానే మెట్ల మీద పడి చచ్చాడు. ఎవరూ తొయ్యలేదు. ఆ ఇంట్లో నిజంగా మెట్ల మీద పడినవాడు అతనొక్కడే.

బెర్నీ పెద్దదయ్యాక సన్‌బెడ్ల షాపు పెట్టింది. నాలుగు బెడ్లు, ఒక కుర్చీ, గుమ్మం మీద ప్లాస్టిక్ తాటిచెట్టు. పెళ్ళి చేసుకోలేదు. మగవాడి చెయ్యి పైకి లేస్తే, అది టోపీ తీయడానికైనా సరే, ఆమె భుజాలు వాటంతటవే ముడుచుకునేవి. నలభై నాలుగో ఏట భుజం మీద పుట్టుమచ్చ ఒకటి నల్లబడి రక్తం కారింది. డాక్టరు కోడిగుడ్డంత కండ కోసి తీసి, ఆ గొట్టాల కింద ఇంకోసారి పడుకుంటే నీకు నువ్వే గొయ్యి తవ్వుకున్నట్టు అన్నాడు. బెర్నీ కుట్లు విప్పించుకున్న రోజే నాలుగు బెడ్లూ పెరట్లోకి ఈడ్పించింది. తండ్రి వదిలిపోయిన సుత్తి తీసుకుని ఒక్కొక్క గొట్టాన్నీ పగలగొట్టింది. పిడికిలి చీరుకుపోయి రక్తం కారుతున్నా ఆపలేదు. వీధిలో వాళ్ళు గోడ మీంచి చూశారు.

ఆ తర్వాత షాపులో స్ప్రే మొదలుపెట్టింది, వారం వారం తనకీ ఒక పూత వేసుకునేది. గుడారంలో నిలబెట్టి మనిషికి రంగు కొట్టడం. దీని పద్ధతి వేరు. కొట్టిన రంగు వెంటనే పట్టదు, ఎనిమిది గంటలు ఒంటి మీద ఊరాలి. ఆ తర్వాత స్నానం చేస్తే ముదురు పైరంగు కారిపోయి, తోలుకి పట్టిన రంగు నిలుస్తుంది. అందుకే మా ఊళ్ళో గుర్రప్పందాల వారం వచ్చిందంటే ఆడపిల్లలు జుట్టుకి రోలర్లు చుట్టుకుని, నల్లటి వదులు బట్టల్లో చేతులు ఒంటికి ఆనకుండా ఎడంగా పెట్టుకుని రొట్టెల షాపుకీ బస్సుకీ తిరుగుతుంటారు. ఎవరికీ వింత కాదు.

"నీళ్ళు తగలకూడదు, చెమట పట్టకూడదు, ఏడవకూడదు," అని బెర్నీ ప్రతి పిల్లకీ వల్లించేది. "ఎవణ్ణీ ముట్టుకోనివ్వకు. ముట్టుకున్నాడంటే నీకు మచ్చ, వాడికి రంగు."

ఆ వారం పబ్బులో మగాళ్ళకి అదే వేళాకోళం. పెళ్ళాం వీపుకి ఆ రంగు మందు రాసిపెట్టినవాడి అరచేతులు వారం దాకా నారింజరంగులో ఉండేవి, రుద్దినకొద్దీ ముదిరేవి. "ఏరా, చెయ్యి చూపించు," అని ఒకణ్ణొకడు పట్టుకునేవాళ్ళు.

మోయిరా జబ్బు చేసి పోయాక, ఆమె కూతురు ఓర్లాని బెర్నీయే పెంచింది. ఓర్లాకి ఇప్పుడు ఇరవై. బేకరీలో పని. తల్లి రంగు రాలేదు, అచ్చం పిన్ని తెలుపు. ఏడాదిగా కర్టిస్ పెల్ అనేవాడితో రెండు వీధుల అవతల ఉంటోంది. క్లబ్బు గుమ్మం దగ్గర కాపలా కాస్తాడు. వ్యాయామశాలలో ఒళ్ళు పెంచి, అక్కడి సన్‌బెడ్‌లోనే కాలి, కాల్చిన తోలులా నిగనిగలాడేవాడు.

"నాది నిజం రంగు, బెర్నీ ఆంటీ," అనేవాడు షాపుకొచ్చినప్పుడల్లా. "సీసా రంగు ఆడాళ్ళకి. నేను ఆ మందు చేత్తో కూడా ముట్టను."

ఓర్లాని ఈ రంగులోకి దింపింది కూడా వాడే. తెల్లగా ఉంటే పక్కన శవం పడుకున్నట్టుందట. మొదట్లో నెలకోసారి వచ్చే పిల్ల వారం వారం రావడం మొదలుపెట్టింది. ఇంకా ముదురు, ఇంకో పూత అనేది.

పందాలకి మూడు వారాల ముందు గుడారంలో బట్టలు విప్పి నిలబడితే జబ్బ మీద నాలుగు నీలం మచ్చలున్నాయి, వరసగా.

"ఇదేంటే?" అంది బెర్నీ.

"బస్సులో కమ్మీ తగిలింది పిన్నీ."

బెర్నీకి తెలియలేదని చెప్తే అది అబద్ధం. ప్రపంచంలో ఎవరికి తెలియకపోయినా ఆమెకి తెలుస్తుంది. కాని ఆమె ఏం చేసింది? స్ప్రే పక్కన పెట్టి, చిన్న స్పాంజి తీసుకుని, ఆ నాలుగు మచ్చల మీదా ఓపిగ్గా రెండు పూతలు అద్దింది.

"చూడు, ఇప్పుడెవరికీ కనబడదు," అంది.

అదే ఆమె ఎరిగిన ప్రేమ. ఓర్లా థాంక్స్ చెప్పి, రంగు అంటుతుందని కావలించుకోకుండా వెళ్ళిపోయింది.

పందాల్లో శుక్రవారం ఆడవాళ్ళ రోజు, ఊళ్ళో ఆడపిల్లలంతా ముస్తాబై వెళ్ళే రోజు. గురువారం షాపులో కొట్టుకోవడమొక్కటే తక్కువ అనుకుంటుంటే, మధ్యాహ్నం అదీ జరిగింది. ఒకే టైముకి ఇద్దరు పిల్లలు పేరు రాయించుకున్నారు. ఒకతె రెండో దాని రోలర్లు పీకింది, రెండోది మొదటిదాని అతికించుకున్న కనురెప్పల వెంట్రుకలు ఊడబెరికింది. అప్పుడే రంగు వేయించుకుని వెళ్తున్న మూడోదాన్ని మధ్యలో గోడకేసి నూకారు. గోడ మీద మనిషాకారం గోధుమరంగులో దిగింది. బెర్నీ బక్కెట్టు నీళ్ళు ఎత్తి పట్టుకుంది.

"ఇంకొక్క చెయ్యి లేచిందంటే ముగ్గుర్నీ కడిగిపారేస్తాను. రేపు పాలసీసాల్లా వెళ్తారు పందాలకి."

నిమిషంలో అందరూ బుద్ధిగా కూచున్నారు. నీళ్ళంటే అంత భయం.

నాలుగు గంటలకి ఓర్లా వచ్చింది. ఆకుపచ్చ గౌను కొనుక్కున్నానని, స్నేహితురాళ్ళతో వెళ్తున్నానని, కర్టిస్‌కి ఇంకా చెప్పలేదని అంది. బెర్నీ రంగు కొట్టింది. కొత్త మచ్చలు కనబడలేదు, మనసు కుదుటపడింది.

"నీ మొహం చూసుకున్నావా పిన్నీ? పిండి కొట్టుకున్నట్టున్నావు. నువ్వూ ఒక పూత వేసుకోవచ్చు కదా."

"ఊరందరికీ పూసేసరికి నాకు మిగల్లేదే. పందాలయ్యాక చూద్దాం. పో, ఎవర్నీ ముట్టుకోనివ్వకు."

శుక్రవారం పొద్దున ఏడింటికి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. నిన్న సాయంత్రం ఏడున్నరకి ఓర్లాని తీసుకొచ్చారని, మెట్ల మీద పడిందని, ఇప్పుడు మిమ్మల్ని అడుగుతోందని నర్సు చెప్పింది. మెట్ల మీద అన్న మాట వినగానే బెర్నీ ఫోను పెట్టేసింది. చేతికందిన కోటు తొడుక్కుని, నైటీ మీదే బయల్దేరింది.

ఓర్లా కనుబొమ్మ మీద కుట్లున్నాయి. మణికట్టు విరిగింది, పక్కటెముకలు మూడు చిట్లాయి. పెదవి ఉబ్బి నోరు పక్కకి పోయింది. రోలర్లు రెండు ఇంకా జుట్టులోనే వేలాడుతున్నాయి. ఒళ్ళంతా ముదురు గోధుమరంగు, ఎవరూ కడగలేదు. మంచం పక్క కర్టిస్ కూచున్నాడు, రెండు చేతులూ జాకెట్ జేబుల్లో పెట్టుకుని.

"మెట్ల మీంచి పడిపోయాను పిన్నీ," అంది ఓర్లా. గొంతు జీరపోయి మాట సగమే వచ్చింది.

"అవునాంటీ," అన్నాడు కర్టిస్. "నేను ఇంట్లో కూడా లేను. వచ్చేసరికి మెట్ల కింద పడుంది. అంబులెన్సు వాళ్ళొచ్చి ఎత్తారు. నేను ముట్టుకోను కూడా లేదు, ఎముక కదులుతుందేమోనని."

బెర్నీ కింద నుంచి పై దాకా ఓర్లాని చూసింది. ఆమె వేసిన పూత అది, ఎక్కడ ఎంత పడిందో ఆమెకి తెలుసు. ఆసుపత్రి గౌను మెడ కాస్త కిందికి లాగింది. గొంతుకి ఒక పక్క తెల్లగా నాలుగు చారలు, రెండో పక్క పొట్టిగా ఒకటి. రంగు ఊరకముందే ఎవరో పట్టుకుని నలిపి తుడిచేసిన చోటు అది. నర్సులు చూసి రంగు సరిగ్గా అంటలేదనుకుని ఉంటారు.

బెర్నీ బయటికి వెళ్ళి, మెషీన్ దగ్గర రెండు టీలు తీసుకుంది. ఒకటి కర్టిస్‌కి చాచింది.

"తీసుకో."

"వద్దాంటీ."

"రాత్రంతా కూచున్నావు కదా. చేతులు తియ్యి, తీసుకో."

"చలిగా ఉంది. అక్కడ పెట్టండి."

బెర్నీ ఆ పొగలు కక్కే టీని వాడి ఒళ్ళో గుమ్మరించింది.

కర్టిస్ గావుకేక పెట్టి లేచాడు. చేతులు రెండూ బయటికొచ్చి తొడలు దులుపుకున్నాయి. అరచేతులు నారింజరంగులో ఉన్నాయి. వేళ్ళ సందుల్లో, గీతల్లో, మణికట్టు మడత దాకా పట్టేసింది. బ్లీచింగ్‌తో రుద్దుకున్నాడు కాబోలు, తోలు అక్కడక్కడా లేచిపోయింది. రంగు పోలేదు.

"చూడవే ఓర్లా," అంది బెర్నీ. "ముట్టుకోలేదన్నాడు. అరచేతికి ఎండ తగలదు. వీడి నిజం రంగు అక్కడికి రాదు. అది నేను నీ గొంతు మీద కొట్టిన రంగు."

"ఎత్తబోయాను," అన్నాడు కర్టిస్. "లేపుదామని..."

"గొంతు పిసికి లేపుతారట్రా మనుషుల్ని?"

ఓర్లా కళ్ళు మూసుకుంది. "పిన్నీ, ఊరుకో. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం. మెట్లే పిన్నీ."

ఈ పిల్ల వీడితో ఆ ఇంటికి మళ్ళీ వెళ్తుంది. మళ్ళీ వారం వచ్చి గుడారంలో నిలబడి ఇంకో పూత అడుగుతుంది. ఏదో ఒక సాయంత్రం వీడు వేళ్ళు వదలడు. అంతా కళ్ళకు కట్టినట్టు కనబడింది ఆమెకి. వెళ్ళి మంచానికీ వాడికీ మధ్య నిలబడింది.

"ఇది నీతో రాదు. పో బయటికి."

"తప్పుకో, ముసలి ముండా," అని కర్టిస్ చెయ్యి విసిరాడు.

ఆ చప్పుడు వార్డు చివరిదాకా వినబడింది. బెర్నీ పక్క బల్ల మీద పడి, నీళ్ళ కూజాతో సహా లేచింది. ఆ స్టీలు కూజాతోనే వాడి ముక్కు మీద కొట్టింది. ముక్కు చితికి రక్తం వాడి చొక్కా మీదికి దూకింది. రెండో దెబ్బ చెవి మీద తగిలింది. మూడో దెబ్బకి వాడు ఆమె మెడ అందుకున్నాడు, ఆమె ఆ నారింజరంగు బొటనవేలు నోటికి దొరకబుచ్చుకుని ఎముక తగిలేదాకా కొరికింది. వార్డు మనుషులు ఇద్దరు పరిగెత్తుకొచ్చి వాణ్ణి నేలకి అదిమి పట్టారు. వాడు తిడుతూనే ఉన్నాడు. ఆడాళ్ళ రోజుట, ఎవడి కోసం ముస్తాబు, ఎవడు చూడాలని ఆ రంగు. వాడి నోటితో వాడే అంతా చెప్పాడు.

బెర్నీ రొప్పుతూ మంచం వైపు తిరిగింది. ఓర్లా ఆమె మొహాన్నే చూస్తోంది. వారం రోజులుగా తనకని ఒక పూత వేసుకోని మొహం. ఆ తెల్లటి చెంప మీద మెల్లగా ఎర్రగా తేలుతున్నాయి, ఒకటి, రెండు, మూడు, నాలుగు, చెవి కింద బొటనవేలు. ఓర్లా ఇరవయ్యేళ్ళలో పిన్ని ఒంటి మీద దెబ్బ చూడడం అదే మొదలు. బాగున్న చేతిని తన గొంతు దగ్గరికి తీసుకెళ్ళి, పిన్ని చెంప మీదున్న వేళ్ళ లెక్కనే అక్కడ తడుముకుంది.

"మెట్లు కాదు," అంది. నర్సు వైపు తిరిగి ఇంకోసారి అంది, "మెట్లు కాదండీ. నేను మెట్లే ఎక్కలేదు. వంటింట్లో కొట్టాడు."

గంట తర్వాత పోలీసామె ఒకతె కెమెరాతో వచ్చింది. గొంతు మీది తెల్లచారల్ని ఫోటో తీసింది, మిగతా ఒళ్ళు చూసి తల అడ్డంగా ఊపింది.

"ఈ రంగులో ఏమీ తెలియడం లేదమ్మా. దెబ్బలున్నాయా?"

"పిన్నీ, కడుగు," అంది ఓర్లా.

బెర్నీ గోరువెచ్చని నీళ్ళు, గుడ్డ తెప్పించుకుంది. మచ్చలు కప్పడంలో ముప్పై నాలుగేళ్ళ అనుభవం ఉన్న చేతులు, మొదటిసారిగా వెలికితీయడానికి పూనుకున్నాయి. గుడ్డ పిండిన ప్రతిసారీ ముదురు పైరంగు నీళ్ళతో కారిపోయింది. పక్కల మీద బూటు ఆకారంలో ఊదారంగు తేలింది. భుజం మీద కందిపోయిన పిడికిలి. జబ్బ మీద పాతవి నాలుగు పసుపుపచ్చగా, వరసగా. బెర్నీ చెయ్యి అక్కడ ఆగిపోయింది.

"ఇవి నేనే కప్పాను," అంది పోలీసామెతో. "మూడు వారాలైంది. అది కూడా రాసుకోండి."

"నేనడిగితేనే కదా పిన్నీ."

"అడిగితే మాత్రం కప్పడమేనా?" అంది బెర్నీ, ఏడుస్తూ, ఆ చోటు మెల్లగా తుడుస్తూ.

పోలీసామె అన్నిటికీ ఫోటోలు తీసి, కెమెరా దించి బెర్నీ మొహం చూసింది. "మీది కూడా తియ్యాలమ్మా. అక్కర్లేదంటే..."

బెర్నీ చెయ్యి అలవాటుగా జుట్టు ముందుకి లాగి చెంప కప్పుకోబోయింది. ఓర్లా చూస్తోంది. బెర్నీ జుట్టు వెనక్కి తోసి, కిటికీ దగ్గరికి నడిచి, దెబ్బ తిన్న చెంప వెలుతురు వైపు తిప్పి నిలబడింది.

"సరిగ్గా కనబడుతోందా?"

"కనబడుతోందమ్మా. ఐదూ పడ్డాయి."

"అయితే తియ్యండి," అంది బెర్నీ.